తాత పేరు బోర్డు మీద ఉంటే తప్పేంటి?

టెక్సాస్‌లో మన ఊళ్లో ఫొటోగ్రఫీ వ్యాపారం పెట్టిన తెలుగు పిల్లలు ఇప్పుడు చాలామందే ఉన్నారు. వాళ్ల పేర్లు ఒకసారి వరసగా చదవండి. మూమెంట్స్, మెమరీస్, ఫ్రేమ్స్, క్లిక్స్, స్టోరీస్. వీటిలో ఒకటి ఎంచుకుని ముందు ఏదో ఒక ఇంగ్లీషు మాట తగిలిస్తారు. ఏది ఎవరిదో కార్డు తిప్పి ఫోన్ నంబరు చూస్తే గాని తెలియదు. అలాంటి చోట ఒక కుర్రాడు తన వ్యాపారానికి తాత పేరు పెట్టుకున్నాడు. దానికి మన ఉగాది సంబరాల్లో ఏం జరిగిందో హాల్లో ఉన్నవాళ్లకి గుర్తుండే ఉంటుంది.

పంచాంగ శ్రవణం అయిపోయింది. పిల్లల డాన్సులకీ భోజనాలకీ మధ్య స్పాన్సర్లకి శాలువాలు కప్పుతున్నారు. రియల్ ఎస్టేట్ వాళ్లు, ఇన్సూరెన్స్ వాళ్లు, ఇమ్మిగ్రేషన్ లాయరు వచ్చి వెళ్లారు. ఆ రోజంతా ఉచితంగా ఫొటోలు తీస్తున్న ఈ అబ్బాయి వంతు వచ్చేసరికి వ్యాఖ్యాత చేతిలో కాగితం చూసి, ఆగి, పేరుని సాగదీసి చదివి, "ఇదేంటి బాబూ, ఊళ్లో పాస్‌పోర్టు ఫొటోల కొట్టులా ఉంది!" అన్నారు. హాలంతా నవ్వింది. అబ్బాయి మెడలో కెమెరాతోనే వచ్చి శాలువా కప్పించుకుని, కిందికి దిగి మళ్లీ ఫొటోలు తీసుకుంటూ పోయాడు. అక్కడితో ఆగినా బాగుండేది. తర్వాత వచ్చిన పిక్నిక్ ఫ్లయర్‌లో అతని వ్యాపారం పేరు ఎగిరిపోయింది. 'ఫొటోలు' అని రాసి పక్కన అతని ముద్దుపేరు వేశారు. వాళ్లమ్మ ఫోన్ చేసి అడిగితే, "అలా అయితే స్టైల్‌గా ఉంటుందని మార్చామండీ" అన్నారట.

ఆ పేరు ఇక్కడ రాయమంటావా అని అబ్బాయిని అడిగాను. "వద్దులెండి అంకుల్" అన్నాడు. అందుకే రాయడం లేదు. 'అయ్య'తో ముగిసే పేరు అని మాత్రం చెప్తాను. మన తాతముత్తాతల్లో ఎంతమందివి అలాంటి పేర్లు కావు? ఈ తాతకి బతికుండగా సరైన ఫొటో ఒక్కటీ లేదు. ఇప్పుడు గోడ మీద దండతో ఉన్నది కూడా ఎవరిదో పెళ్లి గుంపు ఫొటోలోంచి తలవరకు తీసి పెద్దది చేయించి, కింద చొక్కా, కండువా గీయించింది. ఆ ఫొటో చూస్తూ పెరిగిన మనవడు కెమెరా పట్టుకున్నాడు, వ్యాపారానికి ఆయన పేరు పెట్టాడు. ఇందులో నవ్వడానికి ఏముందో నాకు అర్థం కాలేదు.

ఇండియాలో మన ఊళ్ల స్టూడియోలన్నీ గొప్పవని నేననను. తెనాలిలో బోసు రోడ్డుకి దగ్గర్లో మా బాబాయి స్టూడియో ఉండేది కాబట్టి లోపాలన్నీ చూశాను. చెప్పిన రోజుకి ఫొటో ఇచ్చింది తక్కువ. ఎవరొచ్చినా "రేపు రండి" అనేవారు. వెనక పరదా మీద కొండలు, సరస్సు, బాతులు. పక్క గోడకి అద్దం, దానికి దారంతో కట్టిన దువ్వెన, కింద పౌడరు డబ్బా. పెళ్లిచూపుల ఫొటో కోసం వచ్చిన ఆడపిల్ల భయంతో బిగుసుకుపోతే బాబాయి కెమెరా వదిలేసి వాళ్లమ్మతో ధాన్యం ధర గురించి మాట్లాడేవారు. పిల్ల కాస్త తేరుకుని అమ్మ వైపు చూసి నవ్వినప్పుడు నొక్కేవారు. రాత్రి పూట నెగటివ్‌ని గాజు పలక మీద పెట్టి, కింద బల్బు వెలిగించి, సన్నగా చెక్కిన పెన్సిలుతో మొహం మీది మచ్చలకి టచప్ చేసేవారు. స్టూడియోకి మా నాయనమ్మ పేరు. ప్రతి ఫొటో వెనకా ఊదారంగు రబ్బరు స్టాంపు పడేది. నాయనమ్మ పేరు, పక్కన ఆర్ట్ స్టూడియో, తెనాలి. దాని కింద పెన్సిలుతో నెగటివ్ నంబరు.

ఒకసారి రేపల్లె వైపు నుంచి ఒక పెద్దాయన వచ్చారు. భార్య పోయింది. ఇంట్లో ఉన్న ఒక్క ఫొటోనీ చెద తినేసింది. ముందు వైపు మొహం లేదు, వెనక స్టాంపు, నంబరు మిగిలాయి. బాబాయి అటక మీద రేకు డబ్బాలన్నీ దించి వెతికి, ఆ రాత్రే ప్రింటు తీసి ఇచ్చారు. డబ్బు తీసుకోలేదు.

స్టూడియో పేరుకి అసలు పని అది. ఫొటో తీసింది ఎవరో, మళ్లీ కావాలంటే ఎవరి గుమ్మం తొక్కాలో అది చెప్పాలి. ఇప్పుడు మన ఇళ్లలో పెళ్లి ఫొటోలు ఆన్‌లైన్ గ్యాలరీ లింకుగా వస్తున్నాయి. కొన్నాళ్లకి ఆ గ్యాలరీ తీసేస్తారు. హార్డ్ డిస్క్ పాడైపోయాక ఎవర్ని అడగాలి? 'ఏదో మూమెంట్స్' అని గుర్తుంటుంది. ఏ మూమెంట్స్?

పాతకాలపు పేరుతో ప్రొఫెషనల్‌గా ఉండదు అంటున్నారు కొందరు. ఆ రోజు అబ్బాయి మెడలో ఉన్నది కానన్ కెమెరా. ఆ కంపెనీ వాళ్లు 1934లో టోక్యోలో తయారుచేసిన మొదటి నమూనా కెమెరాకి క్వానన్ అని పేరు పెట్టారు. మనం అవలోకితేశ్వరుడనే బోధిసత్వుణ్ణి జపాన్ వాళ్లు కొలిచే పేరు అది. దాని లెన్సుకి బుద్ధుడి శిష్యుడు మహాకాశ్యపుడి పేరు పెట్టారు. ప్రపంచమంతా అమ్ముకోవాలని తర్వాత కానన్ అని మార్చుకున్న మాటా నిజమే. కానీ దేవుడి పేరుతో మొదలైనందుకు వాళ్లు సిగ్గుపడలేదు, ఈనాటికీ ఆ కథ చెప్పుకుంటారు. లైకా కెమెరా పేరులో ఉన్నది లైట్స్ అనే జర్మన్ ఇంటిపేరు. లెన్సుల కంపెనీ జైస్ పేరు కూడా ఇంటిపేరే. 1969లో చంద్రుడి మీద దిగిన వాళ్ల చేతిలో ఉన్న కెమెరా హాసెల్‌బ్లాడ్, అదీ స్వీడన్‌లో ఒక కుటుంబం పేరు. ఆ పేరు నోరు తిరగదు, అయినా మన వాళ్లు నేర్చుకుని మరీ పలుకుతారు. అంత దూరం ఎందుకు, ఆరో నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫర్ లాలా దీన్‌దయాళ్ 1886లో సికింద్రాబాద్‌లో స్టూడియో పెట్టారు. రాజా దీన్‌దయాళ్ అండ్ సన్స్ అన్న పేరు చెబితే ఈ రోజుకీ మ్యూజియం వాళ్లు గౌరవంగా చూస్తారు.

రెండో వైపు మాట కూడా చెప్పాలి. అమెరికన్ కస్టమర్లు కావాలనుకునే పిల్లలకి పలకడానికి తేలికైన పేరు కావాలి, అందులో తప్పులేదు. రేపు వ్యాపారం అమ్మాలంటే తాత పేరు అడ్డం రావచ్చు. ఇంగ్లీషులో దీర్ఘానికి ఒక 'a' పెట్టాలా రెండు పెట్టాలా అన్నది మొదట్లోనే తేల్చుకుని వెబ్‌సైట్‌కీ, ఇన్‌స్టాగ్రామ్‌కీ, బ్యాంకు ఖాతాకీ ఒకే స్పెల్లింగ్ వాడకపోతే తర్వాత తలనొప్పే. మన టెక్సాస్‌లో కౌంటీ క్లర్క్ దగ్గర అసూమ్డ్ నేమ్ సర్టిఫికెట్ (వ్యాపారం పేరు నమోదు చేసే కాగితం) వేస్తే పదేళ్లు నడుస్తుంది గాని, ఆ పేరు మీద హక్కేమీ రాదు. హక్కు కావాలంటే ట్రేడ్‌మార్క్‌కి వెళ్లాలి. అక్కడ పనిని వర్ణించే మామూలు మాటలకీ, ఒట్టి ఇంటిపేరుకీ ఆమోదం రావడం కష్టం. అందరూ వాడే ఇంగ్లీషు మాటల కంటే, ఇంటిపేరు కాని ఈ తాత పేరుకే అక్కడ చిక్కు తక్కువ.

వ్యాపారం లెక్కలోనూ ఆ పేరుకి విలువుంది. మన పెళ్లిలో ముహూర్తం అంటే జీలకర్రా బెల్లం. అడ్డుతెర వెనక ఇద్దరి చేతులూ ఒకరి తల మీదికి ఒకరివి వెళ్లే ఆ కాసేపు మళ్లీ రాదు. మంగళసూత్రం దగ్గరే అసలు ఘట్టం అనుకుని, సరిగ్గా అప్పుడు లెన్సు మార్చుకుంటూ కూర్చున్న ఫొటోగ్రాఫర్లని మనమందరం చూశాం. తాత పేరున్న కార్డు చూడగానే, వీడికి ఆ సంగతి చెప్పక్కర్లేదని పెళ్లికూతురి తండ్రికి తెలిసిపోతుంది.

ఉగాది నాడు నవ్విన వాళ్లలో చెడ్డవాళ్లెవరూ లేరు. కానీ ఆ హాల్లో పన్నెండేళ్ల పిల్లలు, పదిహేనేళ్ల పిల్లలు కూర్చుని ఉన్నారు. వారం వారం వాళ్లకి తెలుగు బడి పెట్టేది మనమే, తాత పేరు చెప్పుకున్నవాణ్ణి చూసి నవ్వింది కూడా మనమే. వాళ్లు రేపు బేకరీ పెట్టినా, డాన్సు స్కూలు పెట్టినా ఏ పేరు పెట్టకూడదో ఆ రోజే నేర్చుకున్నారు.

మన సంబరాల సావనీర్ సంచిక వేసే కమిటీ వారికి నాదొక మనవి. ఈసారి వ్యాపార ప్రకటనల్లో ఎవరు ఏ పేరు ఇస్తే ఆ పేరే వేయండి, మీకు నచ్చినట్టు మార్చకండి. ఇంగ్లీషు పక్కనే తెలుగు లిపిలోనూ వేయండి, పలకడం తెలియక ఎవరూ తడబడరు. పేజీలు పెరిగి ఖర్చు ఎక్కువైతే ఆ తేడా నేను కడతాను, రసీదు కూడా అక్కర్లేదు.