అలాంటిదే ఇంకోటి

ఆసియా ఖండంలో తేలని సమస్యలు చాలానే ఉన్నాయి. సరిహద్దులున్నాయి, నదీజలాలున్నాయి. వాటి సంగతి చూడ్డానికి దౌత్యవేత్తలున్నారు. కానీ పదహారు ఎపిసోడ్ల కొరియన్ డ్రామాని తెల్లవారుజామున మూడింటికి ముగించి, ముక్కు చీదుకుంటూ ‘అలాంటిదే ఇంకోటి చెప్పండి’ అని అడిగే మనిషిని పట్టించుకునే నాథుడు లేడు. లేడనకూడదులెండి, వందమంది ఉన్నారు. అసలు చిక్కంతా అక్కడే వచ్చింది.

మా బంధువర్గంలో జరిగిన ఒక సంప్రదింపును ప్రజాహితం కోరి యథాతథంగా పొందుపరుస్తున్నాను.

“పిన్నీ, క్రాష్ లాండింగ్ ఆన్ యూ అయిపోయింది. అలాంటిదే ఇంకోటి చెప్పవా?”

“రిప్లై 1988 చూడవే.”

“అందులో ఉత్తర కొరియా ఉంటుందా?”

“ఉండదు. సియోల్‌లో ఒక సందు ఉంటుంది.”

“పోనీ, ఆర్మీ కెప్టెన్?”

“లేడు. గో అని చదరంగంలాంటి పలక ఆట ఆడే కుర్రాడొకడున్నాడు. మాట తక్కువ.”

“మరేముంది పిన్నీ అందులో?”

“ఏడుపుంది. నువ్వు ముందు చూడు.”

మొదటిది గాలివానకి పారాగ్లైడర్‌తో సహా కొట్టుకుపోయి శత్రుదేశంలో పడ్డ కోటీశ్వరురాలి కథ. రెండోది ఐదు కుటుంబాలు ఒకే సందులో అన్నం తింటూ, పోట్లాడుకుంటూ బతికిన కథ. రెంటికీ ఉన్న సంబంధం ఏమిటంటే, రెండూ పిన్ని చూసింది. అయినా ఆవిణ్ణి తప్పుపట్టను. రిప్లై 1988 మొదటి ఎపిసోడ్‌లో ఒక ఇంటి కూర పక్కింటికి వెళ్తుంది, పక్కింటివాళ్లు ఊరికే పంపకుండా తమ వంటకం చేతికిచ్చి పంపుతారు, అది ఇంకో ఇంటికి పోతుంది. వాకిట్లో పిల్లలు గిన్నెలు మోస్తూ ఒకరికొకరు ఎదురవుతూనే ఉంటారు. ఖాళీ గిన్నె తిరిగి పంపకూడదని నేర్చుకుని పెరిగిన ఆడపడుచు ఆ దృశ్యం చూశాక మామూలు మనిషిగా మిగలదు. పాపం, దాన్ని మళ్లీ మొదటిసారి చూసే యోగం ఆవిడకి లేదు. కాబట్టి ఎవరో ఒకర్ని కూచోబెట్టి చూపించాలి, వాళ్లు ఏడుస్తుంటే పక్కన తను తృప్తిపడాలి. ఎవరు ఏది అడిగినా ఆవిడ జవాబు అదే. ఉత్తర కొరియా అడిగినా అదే, దెయ్యాలడిగినా అదే.

ఈ సిఫార్సుదారులకీ పెళ్లిళ్ల పేరయ్యలకీ వృత్తిరీత్యా తేడా లేదు. ‘మొదటి నాలుగు ఎపిసోడ్లు ఓపికపట్టండి, తర్వాత అదిరిపోతుంది’ అన్నారంటే, అబ్బాయికి కాస్త కోపం ఎక్కువ, పెళ్లయ్యాక సర్దుకుంటాడని. ‘ఎండింగ్ గురించి ఆలోచించకండి, ప్రయాణం ముఖ్యం’ అంటే, అత్తగారి సంగతి తర్వాత మాట్లాడుకుందామని. ‘సెకండ్ లీడ్, అదే రెండో హీరో, కోసమైనా చూడండి’ అన్నారా, సంబంధం ఎలా ఉన్నా పెళ్లికొడుకు తమ్ముడు బాగుంటాడని. తీరా చూశాక బెడిసికొడితే పేరయ్య పత్తా ఉండడు. ‘మీకు స్లో బర్న్, అదే నెమ్మదిగా రాజుకునే కథ, పడదేమో’ అని నింద మనమీదే వేసి పోతాడు.

చైనా డ్రామాల పేరయ్యలు మరీ గుండెలు తీసిన బంట్లు. పదహారు ఎపిసోడ్లకి అలవాటుపడ్డ మనిషికి యాభై నాలుగు ఎపిసోడ్ల నిర్వాణ ఇన్ ఫైర్‌ని ‘చిన్నదే’ అని చెప్పి అంటగడతారు. నిజానికి డెబ్భై ఆరు ఎపిసోడ్ల అంతఃపుర కథలున్న చోట అది చిన్నదే. కానీ అందులో హీరోకే మూడు పేర్లు. లిన్ షూ, మెయ్ చాంగ్సూ, సూ ఝే అంటూ ఎవరికి తోచిన పేరుతో వాళ్లు పిలుస్తుంటే, ఈ ముగ్గురిలో హీరోయిన్ ఎవర్ని చేసుకుంటుందా అని మూడు ఎపిసోడ్లు మథనపడ్డ పెద్దమనిషిని నేనెరుగుదును. పిడుగు పడ్డప్పుడల్లా అర్జున, ఫల్గుణ, పార్థ, కిరీటి అంటూ ఒకే మనిషి పది పేర్లు అప్పజెప్పిన జాతికి ఈ అవస్థ రావడం విచారకరం.

ఇక్కడొక మాట పాఠకులు సావధానంగా వినాలి. అచ్చం అలాంటిదే కావాలంటే నిజంగానే ఉంది. ఆసియా టీవీ పరిశ్రమ ఆ సేవ ఎప్పుడో మొదలుపెట్టింది. జపాన్‌లో కామియో యోకో 1992లో మొదలుపెట్టిన హనా యోరి డాంగో అనే మాంగాని, అంటే బొమ్మల కథని, తీసుకుని 2001లో తైవాన్ మీటియర్ గార్డెన్ తీసింది. 2005లో జపాన్ తన కథని తనే తీసుకుంది. 2009లో కొరియా బాయ్స్ ఓవర్ ఫ్లవర్స్ అంది. 2018లో చైనా, 2021లో థాయ్‌లాండ్ వరస కలిపాయి. ఎక్కడికెళ్లినా బడో కాలేజీయో, అదే నలుగురు డబ్బున్న పొగరుబోతులు, అదే లేనింటి పిల్ల. కొరియాలో ఆ పిల్ల తండ్రిది డ్రైక్లీనింగ్ షాపు. అక్కడి పొగరుబోతులకి ఎవరిమీదైనా కోపమొస్తే రెడ్ కార్డు, అంటే బడంతా వాళ్లని వేధించడానికి అనుమతి, జారీ అవుతుంది. ఇన్ని దేశాలు ఏ ప్రాంతీయ సదస్సులోనూ ఇంత ఏకాభిప్రాయానికి వచ్చిన దాఖలా నాకు కనబడలేదు.

కొరియాది చూసి కుదేలైన అమ్మాయికి తైవాన్‌ది చెప్పండి. ఏమంటుంది? ‘అయ్యో, అదే కథ కదండీ!’ మరి అడిగింది అదే కదా తల్లీ.

వెరైటీ షోల దగ్గర పరిస్థితి ఇంకా దారుణం. రన్నింగ్ మ్యాన్ 2010 జులైలో ఎస్‌బీఎస్ అనే కొరియా ఛానెల్లో మొదలై ఇంకా పరిగెడుతూనే ఉంది. వీపుమీద పేరు అతికించుకుని తిరుగుతుంటారు, ఎవరి పేరు పీకేస్తే వాళ్లు అవుట్. ఇంతే ఆట. కానీ అందులోని పొడుగు మనిషి లీ క్వాంగ్సూని చూడగానే జిరాఫీ అని అందరూ ఎందుకు నవ్వుతున్నారో తెలియాలంటే వెనక్కి పోవాలి. వెనక్కి పోయి ఆయనమీద ప్రేమ పెంచుకున్నాక, ఆయన 2021లోనే షో వదిలి వెళ్లిపోయాడని తెలుస్తుంది. దీనికి తోడు తెరమీద మనుషులకన్నా అక్షరాలు ఎక్కువ. రంగురంగుల కొరియన్ అక్షరాలు పైన గెంతుతుంటే కింద మన సబ్‌టైటిల్స్ వాటివెనక ఆయాసపడుతుంటాయి. అలాంటిదే ఇంకోటి అడిగితే 1 నైట్ 2 డేస్ చెప్తారు. ఊళ్లు తిరుగుతారు, పందెంలో ఓడినవాడికి అన్నం ఉండదు, చలికాలమైనా ఆరుబయట పడక. ఇందులో వినోదమేముందని మా పెదనాన్న అడిగారు. ఆయన హాస్టల్‌లో చదువుకున్న మనిషి. ఆ రోజుల్లో అది వెరైటీ షో అని ఎవరూ చెప్పలేదట.

ఆ పెదనాన్నగారికే నందినీరెడ్డి తీసిన ఓ బేబీ అంటే ప్రాణం. ఫొటో స్టూడియోకి వెళ్లిన ముసలావిడ పడుచుపిల్ల అయిపోయే కథ. పెద్దమ్మతో కలిసి మళ్లీ చూసి, అలాంటిదే ఇంకోటి ఉంటే పెట్టమన్నారు. నా జన్మకి ఇంతకన్నా సూటి ప్రశ్న ఎదురుకాలేదు. మారుమాట్లాడకుండా దాని మాతృక మిస్ గ్రానీ పెట్టాను. కొరియా సినిమా, 2014 నాటిది. మనది 2019. పావుగంట అయిందో లేదో పెదనాన్న సోఫాలోంచి లేచి కూచున్నారు.

“చూశావట్రా? ఎంత ధైర్యం! మన సమంత సినిమాని సీను పొల్లుపోకుండా దింపేశారు!”

ఏది ముందో ఏది వెనకో చెప్పబోయి ఆగాను. వంటింట్లో గుత్తివంకాయ వేగుతోంది, నేనింకా భోజనం చెయ్యలేదు.