అవ్వా కావాలి, రెక్కా కావాలి

ప్రపంచమంతా అటకెక్కించిన ఒక మహత్తర ఆలోచనను మన హైదరాబాద్ కిందికి దించి దుమ్ము దులపాలని సవినయంగా ప్రతిపాదిస్తున్నాను. ఎగురుతూ ఎగురుతూనే రెక్కల వాలు మార్చుకునే యుద్ధ విమానం గురించే నేను చెబుతున్నది. కంచన్‌బాగ్‌లో ప్రభుత్వ లోహాల సంస్థ మిధాని టైటానియం తయారుచేస్తోంది, బాలానగర్‌లో ప్రభుత్వ విమానాల సంస్థ హెచ్‌ఏఎల్ 1965 నుంచి విమానాల ఎలక్ట్రానిక్స్ చూస్తోంది, దుండిగల్ వైమానిక దళ అకాడమీలో నడిపేవాళ్లు తయారవుతున్నారు. ఇన్ని పెట్టుకుని కదలని రెక్కలతో సరిపెట్టుకోవడం నగర ప్రతిష్ఠకు తగునా?

దీని వెనుక శాస్త్రం సులువే. బారుగా చాచిన రెక్క తక్కువ వేగంలోనూ బరువు మోస్తుంది, పొట్టి రన్‌వే మీద దిగనిస్తుంది, కానీ ధ్వని వేగం దాటాలంటే గుదిబండ అవుతుంది. వెనక్కి వాలిన రెక్క వేగానికి అనుకూలం, దిగేటప్పుడే గండం. మామూలు బుద్ధి ఉన్నవాళ్లు ఈ రెండింటిలో ఒకటి ఎంచుకుంటారు. ఎవరినీ నొప్పించకూడదనుకునే పెద్దలు రెండూ కావాలంటారు. 1961లో అమెరికా రక్షణ మంత్రి రాబర్ట్ మెక్‌నమారా అలాంటి పెద్దమనిషే. నేలబారున దూసుకుపోయి బాంబులు వేసే విమానం వైమానిక దళానికి కావాలి, ఓడ మీద దిగుతూ, గంటల తరబడి గాల్లో కాపలా కాసేది నావికాదళానికి కావాలి. పొదుపు దృష్ట్యా ఇద్దరికీ ఒక్కటే చాలని ఆయన తీర్పు చెప్పారు. అలా పుట్టిన ఎఫ్-111 1964 డిసెంబర్ 21న తొలిసారి ఎగిరింది. దాని రెక్కలు 16 డిగ్రీల నుంచి 72.5 డిగ్రీల దాకా వాలేవి. నావికాదళం వంతుకు వచ్చిన రకం మాత్రం ఓడ భరించలేనంత బరువెక్కి 1968లో రద్దయింది. దాంతో నావికాదళానికి ఎఫ్-14 అని వేరే విమానం తయారుచేయవలసి వచ్చింది. దానికీ కదిలే రెక్కలే పెట్టారంటే ఆ పట్టుదలను మెచ్చుకోవాలి.

నన్ను అన్నిటికన్నా ముగ్ధుణ్ణి చేసేది బాంబుల సమస్య. రెక్క వెనక్కి జరిగితే దాని కింద వేలాడే బాంబు కూడా తిరిగి, ఎదురుగా చూడవలసింది పక్కచూపులు చూస్తుంది. అందుకని బ్రిటన్, జర్మనీ, ఇటలీ కలిసి చేసిన టోర్నడో యుద్ధ విమానంలో రెక్క ఎటు తిరిగితే దానికి సరిగ్గా ఎదురు తిరిగే తగిలింపులు అమర్చారు. అంటే కదిలే రెక్క తెచ్చిన చిక్కు తీర్చడానికి ఆ రెక్కకే ఇంకో కదిలే భాగం తగిలించారన్నమాట. మన కార్యాలయాల్లో ఈ పద్ధతి ఎప్పటి నుంచో అమలులో ఉన్నా, దానికి పేటెంటు తీసుకోవాలని ఎవరికీ తట్టలేదు.

రెక్క మోసే భారమంతా అది తిరిగే ఇరుసు మీదే, ఒక్కో పక్క ఒక్కో ఇరుసు మీదే పడుతుంది. 1969 చివర్లో ఒక ఎఫ్-111 రెక్క ఊడి కూలిపోయింది. ఇరుసు దగ్గరి ఉక్కులో తయారీనాటి లోపమే కారణమని తేలింది. ఆ తర్వాత ఆ విమానాలను గడ్డకట్టే చలిలో ఉంచి, రెక్కలను వంచి పరీక్షించి గాని వదల్లేదు. ఇందులో నవ్వడానికి ఏమీ లేదు కాబట్టి ముందుకు సాగుతాను.

ఎఫ్-14లో వేగాన్ని బట్టి కంప్యూటరే రెక్క వాలు నిర్ణయిస్తుంది. రష్యా మిగ్-23లో పైలట్ లివర్ పట్టుకుని 16, 45, 72 డిగ్రీలలో ఒకటి ఎంచుకోవాలి. ఆ వంశానికే చెందిన మిగ్-27ను మన దేశంలోనే, నాసిక్‌లో తయారుచేశారు. నాసిక్‌కు పట్టిన ఆ భాగ్యం భాగ్యనగరానికి పట్టలేదు. 2019 డిసెంబర్ 27న జోధ్‌పూర్‌లో వాటికి వీడ్కోలు పలికినప్పుడు ఈ అన్యాయం గురించి ఇక్కడ ఒక్క ధర్నా కూడా జరగలేదు. 1980లలో ఎఫ్-14ను ఒక రెక్క ముందుకు, ఒక రెక్క వెనక్కి పెట్టి ఎగరేసి చూస్తే, అది అలాగే వంకరగా ఎగిరి క్షేమంగా దిగిందట. సంకీర్ణ ప్రభుత్వాలు చూసిన మనకు ఇందులో వింతేమీ కనిపించకపోవచ్చు.

కంప్యూటర్ అదుపులో నడిచే తేలికపాటి స్థిర రెక్కలు వచ్చాక ఈ ఇరుసుల బరువు దండగని ఇంజనీర్లు తేల్చేశారు. మన దేశపు యుద్ధ విమానం తేజస్ రెక్క కూడా కదలదు. ఇంజనీర్లకు అంతకుమించి దూరదృష్టి ఉండదు. మన విమానం వైమానిక దళానికి వేగంగా, నావికాదళానికి నెమ్మదిగా, ఆర్థిక శాఖకు చవకగా ఉండాలి, బేగంపేట విమాన ప్రదర్శనలో ముఖ్య అతిథికి చెయ్యి ఊపే వ్యవధి దొరికేంత నింపాదిగానూ ఎగరాలి. ఇందుకు వెంటనే ఒక కమిటీ వేయాలి. బరువు పెరుగుతోందని ఎవరైనా అభ్యంతరం చెబితే ఉపసంఘానికి నివేదించాలి. ఆ ఉపసంఘం బరువును మాత్రం విమానం లెక్కలో చూపరాదు.