ఊఁ అన్నందుకు

(హాల్లో బల్లను గోడకి జరిపేశారు. ఖాళీ అయిన చోట ఆవిడ నిలబడింది. ఆయన సోఫాలో ఉన్నాడు. స్టాప్‌వాచ్ చూసే డ్యూటీ ఆయనది.)

ఆవిడ: నొక్కారా?

ఆయన: ఊఁ.

ఆవిడ: ఏదీ, ఫోను ఇలా తిప్పండి. ఇది క్రికెట్ స్కోరు!

ఆయన: ఏదో ఒక స్కోరే కదా.

ఆవిడ: నేనడిగింది స్టాప్‌వాచ్. రేపు సాయంత్రమే స్లామ్, అదే, స్టేజి మీద కవితలు చదివే పోటీ. మూడు నిమిషాల్లో కవిత అయిపోవాలి. పైన పది సెకన్లు చూసీ చూడనట్టు వదిలేస్తారు. అది కూడా దాటితే ప్రతి పది సెకన్లకీ అర పాయింటు కోత.

ఆయన: కవిత్వానికి ఆలస్య రుసుమా! కరెంటు బిల్లుకే అనుకున్నాను.

ఆవిడ: నొక్కండి. (గొంతు సవరించుకుని, కళ్ళు మూసి తెరిచి)

మా ఇంట్లో ఒక శబ్దం కాపురముంటోంది.
దాని పేరు ఊఁ.
గ్యాస్ అయిపోయింది. ఊఁ.
గీజర్ పేలిపోయింది. ఊఁ.
నేను వెళ్ళిపోతున్నాను.
ఊఁ, వెళ్తూ వెళ్తూ ఆ ఫ్యాను రెండులో పెట్టు.

ఆయన: ఆగాగు. గీజర్ ఎప్పుడు పేలింది?

ఆవిడ: మధ్యలో ఆపకూడదండీ!

ఆయన: జరగనివి చెబుతుంటే ఆపనా? థర్మోస్టాట్ పోయింది, అంతే. మనిషిని పిలిచి నేనే బాగుచేయించాను.

ఆవిడ: ‘థర్మోస్టాట్ పోయింది, ఊఁ’ అంటే ఎవరు నవ్వుతారు?

ఆయన: అంటే నిజం చెబితే నవ్వరన్నమాట. మరి సొంత అనుభవమే చెప్పాలన్నావు?

ఆవిడ: సొంత కవితే చదవాలన్నాను. అది రూలు. మీరు ఊఁ కొడుతూ వింటే అలాగే వినిపిస్తుంది.

ఆయన: సరే, ఇంతకీ ఈ కవితలో ఊఁ అనేవాడు నేనేనా?

ఆవిడ: ఎవరైనా కావచ్చు.

ఆయన: ఫ్యాను రెండులో పెట్టుకునేవాళ్ళు ఈ ఇంట్లో ఎంతమందున్నారు? పోనీ, నన్నూ తీసుకెళ్ళి ఆ స్టేజి మీద కుర్చీలో కూర్చోబెట్టు. చూపించి మరీ చదువు.

ఆవిడ: కుదరదు. స్లామ్‌లో ప్రాప్స్, అంటే ప్రదర్శన కోసం తెచ్చే సామాన్లు, వాడకూడదు. వేషం వెయ్యకూడదు, వెనకాల మ్యూజిక్ ఉండకూడదు. ఒట్టి గొంతు, ఒళ్ళు, మాట. మీరు ప్రాప్ కిందే లెక్క.

ఆయన: పెళ్ళయిన ఇన్నేళ్ళకి నా హోదా ఏమిటో తెలిసింది. పోనీ జడ్జిలెవరు? ప్రొఫెసర్లా?

ఆవిడ: కాదు. వచ్చిన జనంలోంచి అప్పటికప్పుడు ఐదుగురిని పట్టుకుంటారు. కవిత్వం తెలిసుండక్కర్లేదు. ఒక్కొక్కరూ సున్నా నుంచి పది దాకా మార్కులు వేస్తారు, దశాంశంతో సహా. అందరికంటే ఎక్కువ వేసిందీ తక్కువ వేసిందీ తీసేసి మిగతా మూడూ కలుపుతారు. మొత్తం ముప్ఫైకి.

ఆయన: అంటే ఏ దారిన పోయే దానయ్యో నీ కవితకి 6.2 వేస్తాడు!

ఆవిడ: వెయ్యనివ్వండి, అది ఎగిరిపోతుంది. మిగతావాళ్ళు 8.1, 8.4, 8.7, 9 వేశారనుకోండి. తొమ్మిది కూడా పోతుంది. నాకు 25.2 వస్తుంది.

ఆయన: వచ్చిన తొమ్మిదిని తీసేస్తుంటే నువ్వు ఊరుకుంటావా? నీ హెయిర్‌కట్ బాగుందంటే, ‘బాగుందా, చాలా బాగుందా’ అని నన్ను రాత్రంతా నిలదీశావు.

ఆవిడ: మీరు గోడవైపు చూస్తూ బాగుందన్నారు.

ఆయన: అసలు కవిత్వానికి మార్కులెయ్యాలన్న బుద్ధి ఎవరికి పుట్టింది?

ఆవిడ: చికాగోలో మార్క్ స్మిత్ అని, భవన నిర్మాణంలో పనిచేసేవాడు.

ఆయన: ఇంకేం, పేరులోనే ఉంది మార్కు.

ఆవిడ: (నవ్వు ఆపుకుని) 1984లో ఒక జాజ్ క్లబ్బులో కవితా ప్రదర్శనలు మొదలెట్టి, 1986లో గ్రీన్ మిల్ అనే బార్‌కి వచ్చాడు. ఆదివారం రాత్రుళ్ళు. అప్పటిదాకా కవితా పఠనమంటే కవి కాయితంలో తలదూర్చి గొణుక్కోవడం, విన్నవాళ్ళు మర్యాదకి చప్పట్లు కొట్టి ఇంటికి పోవడం. అది ఆయనకి మంట. అందుకే జనం చేతిలో మార్కులు పెట్టాడు. మార్కులెయ్యాలంటే ముందు వినాలి కదా! అక్కడ ఆయన ‘నేను మార్క్ స్మిత్‌ని’ అంటే చాలు, హాలంతా ‘అయితే ఏంటట?’ అని అరుస్తుంది. అది అక్కడి ఆచారం.

ఆయన: నాకు మనింట్లో రోజూ జరిగే సన్మానమే.

(ఇక్కడ ఆవిడ స్లామ్ చరిత్ర మొత్తం చెప్పబోయింది. 1990లో శాన్ ఫ్రాన్సిస్కోలో జరిగిన తొలి జాతీయ పోటీ దాకా వచ్చేసరికి ఆయన స్టాప్‌వాచ్ నొక్కి చూపించాడు. ఆవిడ మళ్ళీ కవిత అందుకుంది. నాలుగు లైన్లు అయ్యాక ఆయన వేళ్ళతో టక్కుటక్కున చిటికెలు వేశాడు.)

ఆవిడ: అబ్బ! చూశారా, మీకు తెలియకుండానే మెచ్చుకున్నారు. చప్పట్లు కొడితే కవిత మునిగిపోతుందని మంచి లైను వచ్చినప్పుడు ఇలా చిటికె వేస్తారు.

ఆయన: నేను త్వరగా కానివ్వమని వేశాను.

ఆవిడ: ...

ఆయన: ఏం, అలా కూడా వేస్తారా?

ఆవిడ: గ్రీన్ మిల్‌లో వేస్తారు. అక్కడ అంతా తిరకాసు. చిటికె వేస్తే విసుగొస్తోందని అర్థం. ఇంకా ఆపకపోతే కాళ్ళు నేలకేసి కొడతారు. అప్పటికీ ఆపకపోతే అందరూ కలిసి మూలుగుతారు. కవి ఆడవాళ్ళని చులకన చేశాడా, హాల్లో ఉన్న ఆడవాళ్ళంతా బుస్సుమంటారు.

ఆయన: అంటే ఒక ఊళ్ళో భేషన్నదే ఇంకో ఊళ్ళో చాలు దిగమనా! మరి స్టేజి మీదున్నవాళ్ళకి ఎలా తెలుస్తుంది?

ఆవిడ: మొహాలు చూస్తే తెలుస్తుంది. మీలా అందరూ ఫోను చూస్తూ కూర్చోరు.

ఆయన: సరే, ఆ ఐదుగురిలో నేనూ చెయ్యెత్తుతాను. కవిత్వం తెలియదన్న అర్హత నాకు దండిగా ఉంది.

ఆవిడ: చదివేవాళ్ళ తాలూకు మనుషుల్ని జడ్జిలుగా తీసుకోరు. పక్షపాతం చూపిస్తారని.

ఆయన: నేనా? నీ మీదా? ఏ వైపుకి?

ఆవిడ: ఆ అనుమానంతోనే తీసుకోరు. అసలు నా టెన్షన్ జడ్జిల గురించి కాదు, చదివే వరుస తేల్చే చీటీల గురించి. మొదటి చీటీ వచ్చిందంటే పనైపోయినట్టే. రాత్రి గడిచేకొద్దీ మార్కులు పెరుగుతూ పోతాయి. స్కోర్ క్రీప్ అంటారు. ఏడున్నరతో మొదలెట్టిన జడ్జే చివరికి తొమ్మిదిన్నర పంచుతుంటాడు.

ఆయన: మరి మొదటివాళ్ళకి అన్యాయం కదా?

ఆవిడ: అందుకే పోటీలో లేనివాళ్ళు ఒకరు ముందెక్కి చదువుతారు. జడ్జిలకి చెయ్యి తిరగడానికి. ఆ మార్కులు లెక్కలోకి రావు. శాక్రిఫిషియల్ పోయెట్ అంటారు.

ఆయన: బలిపశువు.

ఆవిడ: బలికవి అనండి, గౌరవంగా. ఇక నోరు మూసుకుని మొత్తం వినండి.

(ఈసారి మొత్తం చదివింది. ఆయన నిజంగానే ఫోను బోర్లించి విన్నాడు. స్టాప్‌వాచ్ అందులోనే ఉందని తర్వాత గుర్తొచ్చింది గానీ, అది తిరుగుతూనే ఉంది.)

ఆవిడ: ఎంత?

ఆయన: మూడు నిమిషాల ఇరవై ఏడు సెకన్లు.

ఆవిడ: అయ్యో! గ్రేస్ పది తీసేస్తే పదిహేడు. పూర్తిగా ఒక పాయింటు. చివరి ముక్క ఎత్తేస్తే సరిపోతుంది. ఆ జ్వరం ముక్క.

ఆయన: అదేంటి, ఏదీ మళ్ళీ చదువు?

ఆవిడ: 
కానీ ఆ రాత్రి జ్వరంలో నేను
నోటికొచ్చిందల్లా కలవరిస్తుంటే
ఒక్క మాటా అర్థం కాకపోయినా
తెల్లవార్లూ పక్కన కూర్చుని
ప్రతి మాటకీ ఊఁ అన్నదీ
ఆ గొంతే.

ఆయన: (కాసేపాగి) ఇది తీసేస్తావా?

ఆవిడ: మిమ్మల్ని పొగిడానని బాధగా ఉందా తీస్తుంటే?

ఆయన: పొగడ్త సంగతి వదిలెయ్. ఇది లేకపోతే మిగిలేదేమిటి? మూడు నిమిషాలు మొగుడి మీద కంప్లైంటు. జనం నవ్వి, ఎనిమిది వేసి ఇంటికి పోతారు. ఈ ముక్క వచ్చాకే కదా ఇందాకటి ఊఁలన్నీ ఒక్కసారి మళ్ళీ వినిపించేది.

ఆవిడ: కవిత్వం తెలియదన్నారు?

ఆయన: తెలియదు. విన్నాను, అంతే. తీసేదేదో నేను చెప్పనా? మధ్యలో ఏదో శిలలు అన్నావు చూడు.

ఆవిడ: ‘నిశ్శబ్దపు శిలాఫలకాలపై నా ప్రశ్నల నఖక్షతాలు’. అది కవిత మొత్తంలో నాకు ప్రాణమైన లైను!

ఆయన: ప్రాణమే, ఎవరు కాదన్నారు? కానీ నఖక్షతాలు అనగానే నేను ఆగిపోయాను. నఖం అంటే గోరు, క్షతం అంటే గాయం, అంటే గోళ్ళతో గీరిందన్నమాట అని లెక్క కట్టుకుని తలెత్తేసరికి నువ్వు మూడు లైన్లు దాటేశావు. పుస్తకమైతే పేజీ వెనక్కి తిప్పుకుంటాను. నిన్ను వెనక్కి తిప్పడం కుదరదు కదా.

ఆవిడ: ఎప్పుడైనా ప్రయత్నించారా?

ఆయన: ప్రాణాలతో ఉన్నాను కదా, ప్రయత్నించలేదనే అర్థం. ఇంకోటి. మామూలుగా మాట్లాడేదానివి, ఆ శిలల దగ్గరికొచ్చేసరికి గొంతు మారిపోయింది. ప్రతి లైను చివరా సాగదీసి గాల్లో వేలాడదీస్తున్నావు. ‘ప్రశ్నలాఆఆ...’ అని. ఎవరిదా గొంతు?

(దీన్ని పోయెట్ వాయిస్ అంటారు. ఎవరైనా ఎక్కి చదవగలిగే ఓపెన్ మైక్‌లకి వెళ్ళేవాళ్ళందరికీ తెలిసిన జబ్బే. పక్కవాళ్ళకి పట్టినప్పుడు ఇట్టే కనిపెడతాం. ఆవిడ కూడా పోయినసారి ఇంకొకరిని ఇదే విషయంలో వెక్కిరించింది. కాబట్టి ఇప్పుడు కోపం రెట్టింపు.)

ఆవిడ: నాకు పోయెట్ వాయిసా? నాకా?

ఆయన: గీజర్ దగ్గర లేదు. ఫ్యాను దగ్గర లేదు. అక్కడ అచ్చం నువ్వు నన్ను తిట్టే గొంతే. ఒళ్ళు జలదరించింది.

ఆవిడ: (పెన్ను తీసి కాయితం మీద కసిగా గీత కొట్టి) పోయింది శిలాఫలకం. దాని వెనకాల నాలుగు లైన్లూ పోయాయి. నొక్కండి.

(మళ్ళీ చదివింది. జ్వరం ముక్క దగ్గర గొంతు సాగలేదు. కాస్త తగ్గింది.)

ఆయన: మూడు నిమిషాల ఆరు సెకన్లు. గ్రేస్‌లోపే. ఇంకా నాలుగు సెకన్లు మిగిలాయి, కావాలంటే థర్మోస్టాట్ సంగతి కూడా పెట్టుకోవచ్చు.

ఆవిడ: మార్కు?

ఆయన: 7.6.

ఆవిడ: ఏడు పాయింట్...! ఆ మిగతా 2.4 ఏమైంది?

ఆయన: గీజర్‌కి రెండు. పాయింట్ నాలుగు, నన్ను ప్రాప్ అన్నందుకు. అయినా పాయింట్లు కాదు, కవిత్వం ముఖ్యం అని స్లామ్ వాళ్ళే అంటారన్నావు కదా.

ఆవిడ: ఓడిపోయినవాళ్ళని ఓదార్చడానికి అంటారు! నాకు... (ఫోను మోగింది. మెసేజ్ చదివింది. మళ్ళీ చదివింది.) ఏమండీ.

ఆయన: ఊఁ.

ఆవిడ: నిన్న మీకెవరైనా ఫోన్ చేశారా?

ఆయన: నిన్నా... మ్యాచ్ జరుగుతుంటే ఒకాయన చేశాడు. నీ ఫోను కలవట్లేదన్నాడు. ఏదో స్లామ్, ఏదో మూడు నిమిషాలు, ఎవరూ దొరకట్లేదు సార్ అన్నాడు.

ఆవిడ: మీరేమన్నారు?

ఆయన: చివరి ఓవర్ నడుస్తోంది. ఏమంటాను?

ఆవిడ: ఏమన్నారు?

ఆయన: ...ఊఁ అన్నాను.

ఆవిడ: (మెసేజ్ పైకి చదువుతూ) ‘అడగ్గానే మీవారు ఒప్పుకున్నందుకు చాలా సంతోషం మేడమ్. రేపు బలికవి ఆయనే. సరిగ్గా ఆరింటికి, అందరికంటే ముందు.’

ఆయన: కుదరదని చెప్పెయ్!

ఆవిడ: పేరు వేసేశారు.

ఆయన: నీ కవితే చదివేస్తాను.

ఆవిడ: సొంత కవితే చదవాలి.

ఆయన: మీవాళ్ళకి ఇదేం పోయేకాలం! నాకు కవిత్వం తెలియదు!

ఆవిడ: తెలియకుండానే కదా ఇందాక నా శిలాఫలకాన్ని పగలగొట్టారు. లేవండి. ఇక్కడ నిలబడండి. ఆ ఫోను ఇటివ్వండి, నొక్కుతున్నాను. మూడు నిమిషాలు.

ఆయన: (మధ్యకొచ్చి, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక జేబుల్లో పెట్టుకుని) మా ఇంట్లో... మా ఇంట్లో ఒక నోరు కాపురముంటోంది...

(ఆవిడ చిటికె వేసింది.)

ఆయన: ఇదేం చిటికె? మామూలుదా, చికాగోదా?

ఆవిడ: టైమ్ నడుస్తోంది.