శ్రీయుత పదహారు–ఎనిమిది గారికి, హన్మకొండ నుంచి

శ్రీయుత పదహారు గంటల ఉపవాసం గారికి,

నమస్కారం. ఉభయకుశలోపరి అని మొదలుపెట్టాలనే ఉంది. కానీ మా ఇంట్లో కుశలం మధ్యాహ్నం పన్నెండు దాటాకే. అంతవరకు మా ఆయనను పలకరించే ధైర్యం ఎవరికీ లేదు.

మీరు మా ఇంటికి వాట్సాప్‌లో వచ్చారు. పన్నెండు నుంచి రాత్రి ఎనిమిది దాకా తినొచ్చు, మిగతా టైమంతా మంచినీళ్లు, చక్కెర లేని బ్లాక్ కాఫీ అన్నారు. ఏం తినాలో చెప్పలేదు, ఎంత తినాలో అసలే చెప్పలేదు. మా ఆయనకు మీరు అంతగా నచ్చింది అందుకేనని నా అనుమానం.

పన్నెండుకు పది నిమిషాల ముందే ఆయన ఫోన్ పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడతారు. అది మోగగానే మొదటి ముద్ద. అసలు సినిమా రాత్రి ఏడున్నరకు. అన్నం, పప్పు, పెరుగు అయ్యాక ఫోన్ చూసుకుని "ఇంకా టైముంది" అంటూ సకినాల డబ్బా మూత తీస్తారు. అవి పటపటా నమిలి పల్లిపట్టీ అందుకుంటారు. చివరి నిమిషంలో అరటిపండు. సగం నోట్లో ఉండగానే ఎనిమిది కొడుతుంది. నమలడం ఉపవాసం కిందికి వస్తుందా, భోజనం కిందికి వస్తుందా అన్న ధర్మసందేహానికి మీ యాప్‌లో జవాబు లేదు.

మొన్న ములుగు రోడ్డులో ఒక రిసెప్షన్. బగారా అన్నం, మటన్ వచ్చేసరికి రాత్రి తొమ్మిదిన్నర. నేను ఆయన ముఖం చూశాను. "ఇయ్యాల్టికి టైము జరిపిన" అన్నారు, నింపాదిగా విస్తరి ముందు కూర్చుంటూ. మరునాడు మాత్రం ఆకలి పాత టైముకే, పన్నెండుకే వేసింది. మధ్యలో తక్కువైన గంటల లెక్క మీరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు.

మా అత్తమ్మది శనివారం ఒక్కపొద్దు. ఎన్నో ఏళ్లుగా ఉంటోంది, ఎవరికీ చెప్పుకోదు. కొడుకును చూసి ఒకటే అడిగింది: "నేనుండేది ఎంకన్న కోసం. వీడెవరి కోసం ఉంటుండు, ఫోన్ కోసమా?"

దానికి మా ఆయన నోబెల్ బహుమతిని అడ్డం పెట్టారు. 2016లో జపాన్ శాస్త్రవేత్త యోషినోరి ఒసుమికి వచ్చింది నిజమే. కణం తనలోని పాత సరుకును తానే విడగొట్టుకుని తిరిగి వాడుకునే పద్ధతి మీద ఆయన పనిచేశారు. రొట్టె పిండిని పొంగించే ఈస్ట్‌కు పోషణ అందకుండా చేసి, అందులో దాన్ని చూశారు. మా ఆయన అప్పుడప్పుడు పొంగుతారు గానీ ఈస్ట్ అయితే కాదు. పన్నెండింటి దాకా టిఫిన్ మానేస్తే ఆయనకు ఎంత మేలో ఆ బహుమతిలో ఎక్కడా రాసి లేదు.

ఇక మీ పక్కనే తలవంచుకుని నిలబడ్డ ఒకరి సంగతి చెప్పాలి. పేరు, రోజూ కొంచెం తక్కువ తినడం. నేను పాటించేది అదే. రెండోసారి అన్నం బదులు ఇంకో గరిటె కూర, టీలో సగం చక్కెర. దానికి యాప్ లేదు. వాకింగ్‌లో పదిమందికి చెప్పుకుందామంటే కథ కూడా లేదు.

మీ ఇద్దరికీ పోటీ పెట్టి చూసినవాళ్లున్నారట. ఫార్మసీ చదివే మా అమ్మాయి ఆ పేపర్లు చదివి వినిపించింది. చైనాలోని గ్వాంగ్‌జౌలో 139 మంది ఊబకాయులు, ఫలితాలు 2022లో వచ్చాయి. అందరికీ ఒకటే కోటా: మగవాళ్లకు రోజుకు 1500 నుంచి 1800 క్యాలరీలు, ఆడవాళ్లకు 1200 నుంచి 1500. ఒక జట్టు దాన్ని పొద్దున 8కి, సాయంత్రం 4కి మధ్యలోనే తినాలి. ఇంకో జట్టుకు టైము పట్టింపు లేదు. ఏడాదికి మీ జట్టు సగటున 8 కిలోలు తగ్గింది, రెండోది 6.3. మా ఆయన కుర్చీలోంచి లేచారు. ఆ మాత్రం తేడా కాకతాళీయంగా కూడా రావొచ్చు, గెలుపు కింద లెక్కపెట్టరు అని అమ్మాయి చెప్పాక మళ్లీ కూర్చున్నారు. నడుము, షుగర్, బీపీ, రక్తంలో కొవ్వు, వేటిలోనూ చెప్పుకోదగ్గ తేడా లేదు.

నాకు ఇంకా నచ్చింది 2017 నాటి షికాగో ముచ్చట. అక్కడ మీ చుట్టం, రోజు విడిచి రోజు ఉపవాసం. ఒకరోజు అవసరంలో పావు వంతు, మరునాడు 125 శాతం తినాలి. జనం ఏం చేశారంటే, ఉపవాసం నాడు చెప్పినదానికంటే ఎక్కువ తిన్నారు, విందు నాడు తక్కువ తిన్నారు. తిరిగి తిరిగి నా పద్ధతికే వచ్చారు! ఏడాది చివర వీళ్లకూ, రోజూ తగ్గించి తినే జట్టుకూ బరువులో పెద్ద తేడా లేదు. మధ్యలో మానుకున్నవాళ్లు మాత్రం ఉపవాసంలో 38 శాతం, రోజూ తగ్గించి తినేవాళ్లలో 29 శాతం.

అన్యాయంగా మాట్లాడను. 2025లో కొలరాడో నుంచి వచ్చిన పరిశోధనలో వారానికి మూడు రోజులు గట్టిగా తగ్గించి తిన్నవాళ్లు ఏడాదిలో 7.6 శాతం బరువు తగ్గారు, రోజూ తగ్గించినవాళ్లు 5 శాతం. అక్కడ మీ వంశం గెలిచింది, ఒప్పుకుంటాను. కానీ వాళ్లకు వెనకాల ఉండి నేర్పినవాళ్లున్నారు. మా ఆయన వెనకాల ఉన్నది సకినాల డబ్బా.

షుగర్ అంచున ఉన్న ఎనిమిది మంది మగవాళ్ల మీద 2018లో ఇంకొకటి వచ్చింది. బరువు తగ్గకుండానే ఇన్సులిన్ బాగా పనిచేసింది, బీపీ దిగింది. చిన్న పరిశోధనే. అయినా వాళ్ల రాత్రి భోజనం ఎన్నింటికో తెలుసా? మధ్యాహ్నం మూడు లోపల! ఈ పేపర్ వినేటప్పుడు మాత్రం మా ఆయనకు ఎక్కడినుంచో ఫోన్ వచ్చింది.

మన దేశంలో తినే క్యాలరీల్లో 62 శాతం పిండిపదార్థాల నుంచే వస్తున్నాయని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) సర్వే చెప్పింది. పన్నెండుకు కూర్చున్నా ఎనిమిదికి కూర్చున్నా ఈ ఇంట్లో కంచంలో పడేది అదే తెల్లన్నం. మగవాళ్ల నడుము 90 సెంటీమీటర్లు దాటొద్దంటారు. నేను టేపు పట్టగానే ఆయన ఊపిరి బిగబట్టి గోడ మీది క్యాలెండర్ చూస్తారు. నేనూ వదలను, ఊపిరి వదిలేదాకా టేపు పట్టుకునే ఉంటాను.

ఇప్పటిదాకా నవ్వాను గానీ ఒక విషయంలో మీ మీద నిజంగానే కోపం. మా ఆడపడుచు భర్త పొద్దున్నే షుగర్ గోలీ వేసుకుంటారు, గ్లిమిపిరైడ్. బావమరిదిని చూసి ఆయనా టిఫిన్ మానేశారు, గోలీ మానలేదు. వడ్డేపల్లి చెరువు కట్ట మీద వాకింగ్‌లో చెమటలు పట్టి, చేతులు వణికి కూలబడ్డారు. ఎవరో చక్కెర నీళ్లు తాగించాక తేరుకున్నారు. ఆ గోలీ ఇన్సులిన్ వదలమని క్లోమాన్ని తరుముతుంది, కడుపులో తిండి పడిందా లేదా చూడదు. అది వేసుకునేవాళ్లు, ఇన్సులిన్ తీసుకునేవాళ్లు ముందు డాక్టర్‌ను అడిగి డోసు సరిచేయించుకోవాలి. మీ ఫార్వర్డుల్లో నోబెల్‌కు చోటుంది, ఈ రెండు ముక్కలకు లేదా?

అలాగని మిమ్మల్ని వెళ్లిపొమ్మనను. రాత్రి పదకొండింటికి ఫ్రిజ్ తలుపు చప్పుడు ఆగింది, అది మీ పుణ్యమే. ఒకటే విన్నపం: మీ టైము పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం నాలుగుకు మార్చండి. టిఫిన్, డబ్బా నేనే కడతాను. రాత్రి వంట తప్పితే నా ఆరోగ్యం కూడా కొంత బాగుపడుతుంది. ఈ మాట ఆయనతో అంటే, "మరి రిసెప్షన్లెట్ల?" అన్నారు. వచ్చే శ్రావణంలో మా చుట్టాల పెళ్లిళ్లు చాలా ఉన్నాయి, విందులన్నీ రాత్రివే. మీ నిర్ణయం ఆషాఢంలోపు తెలియజేయగలరు.

ఇట్లు,
రెండు టైములకు రెండుసార్లు పొయ్యి వెలిగించే ఇల్లాలు,
హన్మకొండ