సాక్షి అన్నదంతా రాస్తే కొంప మునగదూ?

కేరళలో ఘోరం జరిగిపోయింది. 2025 నవంబరు 1 నుంచి కింది కోర్టుల్లో సాక్షుల వాంగ్మూలాలను, విన్నది విన్నట్టు అక్షరాల్లో పెట్టే సాఫ్ట్‌వేర్‌తోనే నమోదు చేయాలని అక్కడి హైకోర్టు ఆదేశించింది. అంతకుముందే, 2023 ఫిబ్రవరి 21న, సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం వాదనలకు ఈ ముచ్చట తీర్చుకుంది. రేపోమాపో మన జిల్లా కోర్టులకూ పాకుతుంది. సాక్షి ఏమన్నాడో అదే రికార్డుకెక్కితే ఇక న్యాయం నడిచేదెలా?

ఇప్పటి పద్ధతిలో ఉన్న నాజూకు చూడండి. సెషన్స్ కేసుల్లో సాక్ష్యాన్ని మామూలుగా కథనంలా రాయాలని పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 276వ సెక్షన్ చెప్పింది. కొత్త నాగరిక్ సురక్షా సంహిత కూడా ఆ పద్ధతినే ఉంచింది. కథనమంటే ప్రశ్న మాయమై జవాబు మిగలడం. డిఫెన్సు వకీలుగారు గొంతు సవరించుకుంటారు. "గట్టు తగాదా మనసులో పెట్టుకుని, చూడనిది చూసినట్టు చెబుతున్నావంటాను. ఏమంటావ్?"

"అదేం లేదండీ, ఆ గట్టు మా తాతల నాడే తెగింది, అయినా మీ వోడు..."

జడ్జిగారి చెయ్యి లేస్తుంది. స్టెనో వేళ్లు కదులుతాయి: "గట్టు తగాదా కారణంగా నేను అబద్ధ సాక్ష్యం చెబుతున్నాననుట నిజం కాదు."

శ్రీకాకుళం సాక్షయినా, ఆదిలాబాద్ సాక్షయినా క్రాస్ ఎగ్జామినేషన్ (ఎదుటి వకీలు ప్రశ్నలు) ముగిసేది ఈ వాక్యంతోనే. అదీ చాలాచోట్ల ఇంగ్లీషులో. వేలిముద్ర వేసే ముసలమ్మ సైతం రికార్డులో దొరసానిలా మాట్లాడుతుంది. ఇక "చదివి వినిపించగా సరి అని ఒప్పుకొన్నారు" అన్న ముక్క సాక్షి బోనెక్కకముందే టైపై ఉంటుందని గిట్టనివాళ్లంటారు. నేను నమ్మను.

స్టెనోల గొప్పతనం ఎవరికి పట్టింది? పిట్‌మన్ షార్ట్‌హ్యాండ్ గీతలు గీసి గీసి, నిమిషానికి 120 మాటల పరీక్ష గట్టెక్కి వచ్చినవాళ్లు, నిమిషానికొక వాక్యం టైపు చేస్తారు. మిగతాదంతా వదిలేస్తారు. ఆ వదిలేసే విద్యకు పరీక్షా లేదు, సర్టిఫికెట్టూ లేదు.

హత్య కేసులో నెత్తుటి చొక్కా చూపించి "ఇది మీ ఆయనదేనా?" అంటే ఆవిడ బోను పట్టుకుని కూలబడింది. రికార్డులో చొక్కా కాస్తా ఎం.ఓ. (మెటీరియల్ ఆబ్జెక్ట్, అంటే సాక్ష్యంగా పెట్టిన వస్తువు) అయిపోయింది: "ఎం.ఓ. 1ని నేను గుర్తించాను." సాక్షి తీరు గురించి జడ్జి అవసరమనుకున్నది రాయాలని కొత్త సంహిత 315వ సెక్షన్ అంటుంది గానీ, ఏడుపుకు ఎగ్జిబిట్ నంబరు ఎవరిస్తారు?

యంత్రానికి ఈ మర్యాద తెలియదు. వెనక బెంచీలోంచి బావమరిది "చీకటిగా ఉందని చెప్పవే" అన్నదీ రాస్తుంది, వకీలుగారు ఎఫ్ఐఆర్ తేదీ రెండుసార్లు తప్పు చెప్పిందీ రాస్తుంది, జూనియర్ ఫైలు తెచ్చేదాకా కోర్టంతా ఎదురుచూసిందీ రాస్తుంది. అప్పీల్లో హైకోర్టు ఇదంతా చదివితే పరువేం కావాలి?

యంత్రం తప్పదంటే ఒకటే మనవి. దాని పక్కన ఒక స్టెనోను కూర్చోబెట్టి డిలీట్ మీట చేతికివ్వండి. అనుభవం ఉన్నవాళ్లకే ప్రాధాన్యం.