ముందు రచ్చ, తర్వాతే ఇల్లు

ద్వారకానగర్‌లో మాకు తెలిసిన ఒకాయన కంపెనీ ఉంది. రెండో అంతస్తు, లిఫ్టు లేదు. ఆయన విజిటింగ్ కార్డు మీద మాత్రం మూడు ఊళ్ళున్నాయి: విశాఖపట్నం, దుబాయ్, సింగపూర్. ఆఫీసులో ప్రింటరు దసరా ముందు నుంచీ మూలన పడి ఉంది. ఏ బిల్లు కావాలన్నా కుర్రాడు పెన్‌డ్రైవ్ జేబులో వేసుకుని కింద జిరాక్స్ షాపుకి దిగాలి. అక్కడ కోచింగ్ పిల్లల క్యూ దాటుకుని పైకొచ్చేసరికి వచ్చిన పార్టీ వెళ్ళిపోతుంది. "ప్రొడక్టివిటీ పెరగాలి కదండీ, అందుకే బయట దేశంలో పెట్టుబడి పెట్టాం" అన్నారాయన. ఎంత ముందుచూపు!

ఈ సూక్ష్మం అందక ఆర్థికవేత్తలు పాపం తలకిందులుగా ఆలోచించారు. 2004లో హెల్ప్‌మన్, మెలిట్జ్, యీపుల్ అనే ముగ్గురు కలిసి ఒక పరిశోధన పేపరు రాశారు. బొత్తిగా పస లేని కంపెనీ మూతపడుతుందట. కాస్త పసున్నది ఊళ్ళోనే అమ్ముకుంటుంది, ఇంకాస్త ఉంటే ఎగుమతి చేస్తుంది. అందరికన్నా బాగా పనిచేసేదే పరాయి దేశంలో ఫ్యాక్టరీ కడుతుంది. ఎగుమతికైతే ఓడ కిరాయి, సుంకం ప్రతి సరుకు మీదా పడతాయి. అక్కడే కడితే అవి తప్పుతాయి గానీ ముందే పెద్ద మొత్తం పోయాలి. ఆ మొత్తాన్ని రాబట్టుకోగల సత్తా ముందే ఉండాలన్నమాట. ఇంట గెలిచి రచ్చ గెలవమని సామెత కట్టినవాళ్ళు ఇదే ముక్క ఒక్క సమీకరణమూ లేకుండా చెప్పారు, పేపరు మాత్రం వేసుకోలేదు.

అనుమానం తీరక బీచ్‌రోడ్డులో మురీ మిక్చర్ బండాయన్ని అడిగాను, భీమిలిలో ఇంకో బండి పెట్టరాదా అని. ఉల్లిపాయ తరగడం ఆపకుండానే చెప్పాడు: "అక్కడ చోటు చూసుకోవాలి, మనిషిని పెట్టాలి. ఆ డబ్బు తిరిగి రావాలంటే ఎన్ని పొట్లాలు కట్టాలి బాబూ? ముందు ఇక్కడ సాయంత్రం రద్దీకి నిమ్మకాయ పిండే చెయ్యి ఖాళీ అవనీ." నిమ్మరసం పిండి, పొట్లం నా చేతిలో పెట్టాడు. ముగ్గురు ప్రొఫెసర్ల సరుకంతా అందులోనే ఉంది, కారం కాస్త ఎక్కువ.

సుంకం పడితే అక్కడికే పోయి కట్టుకోవచ్చు అనడం తేలికే. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకాన్ని 50 శాతానికి తీసుకెళ్ళినప్పుడు రొయ్యల వాళ్ళకి ఎవరూ ఆ సలహా ఇవ్వలేదు. రొయ్య ఓడెక్కుతుంది గానీ చెరువు ఎక్కదు.

సత్తా ఉండి వెళ్ళినా దారి నున్నగా ఉండదు. 2007లో టాటా స్టీల్ సుమారు 1,200 కోట్ల డాలర్లు పోసి కోరస్ అనే ఆంగ్లో-డచ్ ఉక్కు కంపెనీని కొంది. 2024 సెప్టెంబరులో అలా చేతికొచ్చిన వేల్స్‌లోని పోర్ట్ టాల్బట్ కర్మాగారంలో చివరి బ్లాస్ట్ ఫర్నేస్, అంటే ఇనుము కరిగించే కొలిమి, ఆరిపోయింది. ఉక్కునగరం పక్కన బతికే మాకు కొలిమి ఆరడమంటే ఏమిటో ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. మా ద్వారకానగర్ ఆయనకి ఆ బెంగ లేదు. ఆయన దుబాయ్ శాఖంతా ఒక బల్ల, ఒక ఫోన్ నంబరు. ఆర్పడానికి లైటు కూడా వేరేవాళ్ళదే.

మొన్న వెళితే కొత్త కార్డు ఇచ్చారు, నాలుగో ఊరు చేరింది. చదివి, "టొరంటోలో ఒక అక్షరం ఎగిరిపోయిందండీ" అన్నాను. ఆయన కుర్రాణ్ణి కేకేశారు. వాడు పెన్‌డ్రైవ్ తీసుకుని మెట్లు దిగాడు.