గుమ్మం మీద నాలుగేళ్ల ఉగాది

గత నెలలో ఒక ఆదివారం హనుమకొండలోని మా ఇంటి గుమ్మానికున్న ప్లాస్టిక్ మామిడాకుల తోరణాన్ని విప్పేశాను. నాలుగేళ్ల కిందట ఉగాది ముందురోజు ఆఫీసు నుంచి వచ్చేసరికి చీకటి పడితే, ఈ వేళప్పుడు మామిడాకుల కోసం ఎవరి పెరట్లోకి వెళ్లాలని విసుక్కుని, చౌరస్తాలో నూటయాభై రూపాయలకు కొన్న తోరణమది. విప్పి చూస్తే ఎండ తగిలిన వైపు ఆకులు నీలంగా వెలిసిపోయి, గోడ వైపువి మాత్రం కొన్ననాటి పచ్చదనంతోనే ఉన్నాయి. మధ్యలో వేలాడే బంతిపూల కుచ్చుల్లో బల్లి గుడ్ల పెంకులు దొరికాయి. ఈ నాలుగేళ్లలో ఆ తోరణం కిందుగా ఎన్ని పండుగలు వచ్చి వెళ్లాయో లెక్క లేదు. గుమ్మం మీద ఏడాది పొడుగునా పండుగే గనుక ఏ పండుగకూ మేము తలెత్తి అటు చూడలేదు.

ప్లాస్టిక్ వల్ల నేలకూ నీళ్లకూ జరిగే చెరుపు గురించి నాకంటే తెలిసినవాళ్లు చాలామంది రాశారు, ఆ మాట మళ్లీ నేను ఎత్తుకోను. నాకు తట్టిన సంగతి వేరు. మన ఇళ్లలో పండుగకూ రుతువుకూ చేసే అలంకారాలలో ఎక్కువ భాగం పోవడానికే పుట్టినవి. పొద్దున సాన్పు చల్లి వేసిన ముగ్గు మధ్యాహ్నానికి బండి చక్రాల కింద చెదిరిపోతుంది. సంక్రాంతికి గరిక, పిండికూర పువ్వులు గుచ్చి, చుట్టూ నవధాన్యాలు, రేగుపండ్లు పోసి పెట్టిన గొబ్బెమ్మలు తరువాత పిడకలై పొయ్యిలోకి చేరతాయి. మట్టి వినాయకుడు చెరువుకు వెళ్తాడు. బతుకమ్మ సంగతి చెప్పనే అక్కర్లేదు. ఎంగిలిపూల నాటి నుంచి సద్దుల దాకా తొమ్మిది రోజుల్లో, అలిగిన బతుకమ్మ రోజును మినహాయిస్తే, పొద్దంతా కూర్చుని పేర్చినదాన్ని ఆ సాయంత్రమే నీళ్లలో వదిలి, ఖాళీ తాంబాళంతో ఇంటికి వస్తాము. ఇంత కష్టపడ్డాం కదా, దీన్ని దాచుకుందామని ఎవరూ అనరు. అట్లాంటి ఇళ్లలోకి తీయాల్సిన పని లేని అలంకారాన్ని తెచ్చి తగిలించుకున్నాక, పండుగ వచ్చిందని గుమ్మానికి ఎట్లా తెలుస్తుంది?

అసలు మామిడాకులు మాత్రం నెలల తరబడి వేలాడవా, వాటిని మాత్రం ఎవరు తీస్తారు అని మా మరిది అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. కానీ ఆ ఆకులు ఎండుతాయి, ముడుచుకుంటాయి, గాలికి గలగలమంటాయి, ఒక్కొక్కటిగా రాలుతాయి. ఉగాది వెళ్లి ఎంతకాలమైందో ఇంటికి వచ్చినవాళ్లకు అవే చెబుతాయి. ప్లాస్టిక్ ఆకు జ్యేష్ఠంలోనూ, కార్తికంలోనూ ఈ రోజే ఉగాది అని అబద్ధం ఆడుతుంది. నిజంగా ఎప్పటికీ నిలబడే హక్కున్న తోరణాలు మా ఊళ్లో నాలుగే ఉన్నాయి. వాటిని కాకతీయులు రాతితో చెక్కించి వరంగల్ కోటలో నాలుగు దిక్కులా నిలబెట్టారు. వాటిని దులపాల్సిన బాధ్యత నా మీద లేదు.

ఇంట్లో చేసుకునే అలంకారం అనగానే నాకు మా అమ్మ బతుకమ్మ పేర్చే తీరు గుర్తుకొస్తుంది. గునుగు పువ్వును పిడికెడు పిడికెడు కట్టలు కట్టి, కాడలను ఒకే పొడవుకు కత్తిరించి, తలలను మాత్రం రంగునీళ్లలో ముంచి నీడన ఆరబెట్టేది. తాంబాళంలో గుమ్మడి ఆకులు పరిచి, తంగేడుతో మొదటి వరుస మొదలుపెట్టి, గునుగు, కట్ల, బంతి, చామంతి అంటూ చుట్టు తిప్పుతూ పోయేది. చూసేవాళ్లకు కనిపించేది పూల వరుసలే అయినా బతుకమ్మను నిలబెట్టేది ఆ వరుసల నడుమ కూరే ఆకులు, తరిగిన కాడలు. ఆ కూర్పు గట్టిగా లేకపోతే ఎంత అందమైన పువ్వు పెట్టినా ప్రయోజనం ఉండదు. ఈ విషయం తెలిసి కూడా పోయినేడు నేను పేర్చిన బతుకమ్మ నాలుగో వరుస దగ్గర ఒక పక్కకు ఒరిగింది. దాన్ని అట్లాగే పద్మాక్షి గుట్ట గుండం దగ్గరికి తీసుకుపోయాము. మా అమ్మాయి దారి పొడుగునా తాంబాళాన్ని ఆ ఒరిగిన వైపు ఎత్తి పట్టుకుని నడిచింది. కాగితంతో, ప్లాస్టిక్‌తో చేసిన బతుకమ్మలు బజారులో దొరుకుతాయి, అవి ఒరగవు. గునుగు మాత్రం చేలల్లో గడ్డిమందు కొట్టడం మొదలయ్యాక తగ్గిపోయిందనీ, తంగేడు రాష్ట్ర పుష్పమయ్యాక కూడా కట్టల లెక్కన కొనుక్కోవాల్సి వస్తోందనీ మా అమ్మ ప్రతి ఏడూ అంటుంది, ఆమె మాట నిజమే.

మా అమ్మమ్మది పరకాల దగ్గరి పల్లె. ఆమె పగిలిన గాజు ముక్కలను పారేసేది కాదు. ఒక్కొక్క ముక్కను గ్యాసునూనె బుడ్డి మంట మీద పట్టుకుంటే గాజు మెత్తబడుతుంది. అప్పుడు రెండు కొసలనూ పటకారుతో దగ్గరకు వంచి, ఒకదానిలో ఒకటి దూర్చి గొలుసుగా చేసేది. అట్లాంటి గొలుసులు ఇరవై దాకా తయారయ్యాక దర్వాజకు తెరలాగా కట్టింది. ఎవరింటి పెళ్లికి వేసుకున్న గాజులు, ఏ బిడ్డ పుట్టినప్పుడు తొడిగినవి, ఏ తగువులో పగిలినవి అని ఆమె రంగును బట్టి చెప్పేది. ఇదేదో నా వాదనకు అడ్డం వచ్చే ఉదాహరణ అని మీరు అనవచ్చు, గాజు కుళ్లదు, ఎండదు. అయితే ఆమె ఆ తెరను దసరాకు కట్టి, సంక్రాంతి వెళ్లగానే విప్పి, పాత ధోవతిలో చుట్టి సందుగలో పెట్టేది. మళ్లీ దసరాకు సందుగ తెరిచినప్పుడు గాజులు గలగలమనే చప్పుడు విని మేము ఎక్కడున్నా పరుగెత్తుకొచ్చేవాళ్లం.

నా చిన్నతనం కాజీపేట రైల్వే క్వార్టర్లలో గడిచింది. పక్క క్వార్టరులోని మామయ్య వాళ్లు డిసెంబరు రాగానే వెదురు బద్దలు చీరి నక్షత్రం కట్టేవాళ్లు. దానికి పతంగి కాగితం అతికించే పని పిల్లలందరిదీ. నక్షత్రానికి ఐదు కొమ్ములుంటే మేము ఐదు ఇళ్ల పిల్లలం ఐదు రంగులు కావాలని పట్టుబట్టేవాళ్లం. లోపల బల్బు వేలాడదీసేటప్పుడు కాగితానికి తగలకుండా చూడాలి, ఒకసారి తగిలి ఒక కొమ్ము కాలిపోయింది. ఆ ఏడాది మా వాడలో క్రిస్మస్ నాలుగు కొమ్ముల నక్షత్రంతోనే జరిగింది, దానికెవరూ నొచ్చుకోలేదు.

ఇప్పుడు నా అసలు కోపం దగ్గరికి వస్తాను. ఈ మధ్య ఏ ఇంటికి వ్రతానికి వెళ్లినా, చీరకట్టు ఫంక్షనుకు వెళ్లినా, చంటిపిల్లల పుట్టినరోజుకు వెళ్లినా గోడకు అదే పచ్చటి గుడ్డ, దాని మీద అవే నకిలీ ఆకులు, పైనుంచి వేలాడే అవే గులాబీ రంగు తామరలు, రెండు పక్కలా అవే ఇత్తడి రంగు గంటలు. సెట్టు పంపిస్తారు, గంటలో కట్టేస్తారు, ఫొటోలు అయ్యాక విప్పుకుపోతారు. విప్పడం ఉంది కదా, అది నీకు ఇష్టమే కదా అని మీరు నన్ను నిలదీయవచ్చు. ఆ విప్పడం ఆ ఇంటివాళ్లది కాదు, అంతే తేడా. నా ఫోనులో ఉన్న ఆరు ఇళ్ల ఫొటోలను పక్కపక్కన పెట్టి చూశాను; మనుషుల ముఖాలను వేలితో మూసేస్తే ఏది ఎవరి ఇల్లో చెప్పలేకపోయాను, అందులో ఒకటి మాది. మా ఆడపడుచు కొడుకు అన్నప్రాశనకు నేనే ఆ సెట్టు తెప్పించాను. థర్మాకోల్ పాలవెల్లి కూడా ఒక ఏడాది కొన్నాను. వెలగకాయ కట్టగానే అది విరిగి వినాయకుడి తొండం మీద పడింది. అప్పుడు అర్థమైంది, ఆ పాలవెల్లికి పండ్లు కూడా ప్లాస్టిక్‌వే కట్టాలని.

ఈ జబ్బు బడి నుంచే మొదలవుతోంది. మా బాబు మూడో తరగతిలో ఉండగా ఒక పండుగ నమూనా చేసి తెమ్మన్నారు. వాడు రెండు రోజులు కూర్చుని అట్టముక్కలతో, పాత పెళ్లి కార్డులతో ఒక గుడి కట్టాడు. గోపురం కొంచెం వాలింది, మెట్లు తలుపుకంటే వెడల్పుగా వచ్చాయి, గుడి ముందు వాడికి తోచిన ఒక కుక్కను కూడా పెట్టాడు. ప్రదర్శన రోజు ముందు బల్ల మీద నిలబడ్డవన్నీ స్టేషనరీ దుకాణంలో రెడీమేడ్‌గా కొన్న నమూనాలు. వీడి గుడి వెనక కిటికీ గట్టు మీద ఉంది. నీట్‌నెస్ లేదన్నారట. తప్పు ఆ టీచరు ఒక్కరిదే అని నేను అనను, వాటిని కొని పిల్లల చేతికిచ్చిన తల్లిదండ్రులు ఏమనుకున్నారో నాకు అర్థం కాదు. ఎనిమిదేళ్ల పిల్లాడి చేతిలోంచి నలభై ఏళ్ల మేస్త్రీ పని ఎట్లా వస్తుంది? వస్తే అనుమానించాలి.

పారేసేవాటితోనే అందమైన వస్తువులు చేస్తామని వీడియోలు పెట్టేవాళ్ల మీద కూడా నాకు మోజు లేదు. ఒక ఖాళీ సీసాను కాపాడటానికి జిగురు తుపాకీ, బంగారు రంగు స్ప్రే, మూడు రకాల లేసు, ఒక పొట్లం మెరుపుల పొడి కొనిపిస్తారు. ఆ మెరుపుల పొడి మా ఇంట్లో ఒక్కసారి చల్లాం. తరువాత పది రోజులు పెరుగన్నంలో కూడా మెరిసింది.

మా ఇంట్లో ఇప్పుడు చేస్తున్నది దీనికంటే చాలా చవక పని, చాలా వంకర పని కూడా. మా చుట్టుపక్కల పత్తి, మక్క, మిర్చి పండుతాయి గనుక వాటి మిగులే మా ముడిసరుకు. పత్తి ఏరాక చెట్టున మిగిలే ఎండు డొప్పలు కొసలు విచ్చుకుని చెక్కపూలలాగా ఉంటాయి. మా మేనమామ చేను నుంచి ఒక సంచి తెచ్చి, సుతిలికి కట్టి తోరణం చేశాము. డొప్పల కొసలు సూదుల్లా గుచ్చుకుంటాయి, వాటిని ముందు కత్తిరించుకోవాలని మాకు రక్తం వచ్చాకనే తెలిసింది. మక్క కంకి పొట్టును నీళ్లలో నానబెట్టి మడిచి కడితే బొమ్మ నిలబడుతుంది, దాని పీచే జుట్టు. ఎండలో పెడితే పొట్టు ముడుచుకుని ప్రతి బొమ్మ నడుమూ వంగిపోయింది. మా అమ్మాయి వాటన్నింటికీ చేతికర్రలు ఇచ్చి, వృద్ధుల సంఘం అని పేరు పెట్టింది.

చేర్యాల ముఖాల బొమ్మలను రంపపు పొట్టు, చింతగింజల గుజ్జు కలిపి చేస్తారని పిల్లలకు చెప్పడం నేను చేసిన పొరపాటు. చింతగింజలు నానబెట్టి, రుబ్బి, ఉడికించి, వడ్రంగి దగ్గరినుంచి పొట్టు తెచ్చి, కొబ్బరి చిప్పల మీద ఐదు ముఖాలు అచ్చువేశాము. ముసురు పట్టిన వారం చూసుకుని మరీ చేశాము కాబట్టి నాలుగు రోజులకు ఐదింటికీ తెల్లటి గడ్డాలు మొలిచాయి. అట్టలు కట్టేవాళ్లు జిగురులో బూజు రాకుండా మైలుతుత్తం కలుపుతారు. అది విషం కనుక పిల్లల చేతికి నేను ఇవ్వలేదు. చేర్యాల నకాషీ కళాకారుల పనికి అడిగిన ధర ఇవ్వాలని ఆ వారంలో బాగా తెలిసింది, బేరమాడటం మానేశాను.

ఇదంతా ఆడవాళ్ల మీద ఇంకో చాకిరీ అని ఒక స్నేహితురాలు అంది. ఆమె మాటను నేను కొట్టిపారేయను, పండుగ ముందురోజు రాత్రి పదకొండింటికి ముగ్గు వేసి తెల్లవారి నాలుగింటికి లేచే ఇళ్లు నాకు తెలుసు. అందుకే మా ఇంట్లో ఒక ఒప్పందం ఉంది. నిచ్చెన, సుతిలి, మేకులు మా ఆయనవి, ఆలోచనలు పిల్లలవి, విప్పడం అందరిదీ. నా పని అక్కర్లేని సలహాలు ఇవ్వడం.

డొప్పల తోరణం కట్టిన రోజు మా అత్తమ్మ గుమ్మం ముందు చాలాసేపు నిలబడింది. "ఏందమ్మా ఇది, చేన్ల పారేసిన చెత్తంత తెచ్చి దర్వాజకు కట్టిన్రు? చూసెటోళ్లు నవ్వరా?" అంది. నవ్వితే మంచిదే కదా అత్తమ్మా, ప్లాస్టిక్‌ది కట్టినప్పుడు ఒక్కరైనా చూశారా అన్నాను. ఆమె జవాబు చెప్పలేదు గానీ, మర్నాడు ఎదురింటి వదిన వచ్చి అవేం పూలని అడిగితే పత్తి మొదలు ఎప్పుడు పెడతారు, ఎన్ని ఏరుడ్లు ఏరుతారు, వాళ్ల అమ్మగారింట్లో ఎన్నెకరాలు ఉండేది అంటూ అరగంట చెప్పింది. ఈ తోరణాన్ని ఉగాది ముందురోజు తీసేయాలని పిల్లలు క్యాలెండరులో గుర్తు పెట్టుకున్నారు.

విప్పిన ప్లాస్టిక్ తోరణాన్ని మాత్రం ఏం చేయాలో తెలియక వారం పాటు మెట్ల కింద పెట్టాను. చివరికి చెత్త బండికి ఇస్తే, ఆ అబ్బాయి దులిపి చూసి, "మంచిగనే ఉన్నది గద మేడం, నేను పెట్టుకోనా?" అన్నాడు. వద్దని ఎట్లా అంటాను? ఆటో ముందు అద్దం మీద అడ్డంగా కట్టుకున్నాడు. ఇప్పుడది రోజూ పొద్దున ఏడింటికి ఈల వేసుకుంటూ మా గేటు ముందుకే వస్తోంది.